దిమ్మెల లోకములో కాలవిలంబనము: ఒక విమర్శ

తూర్పు కనుమల పాదమున నున్న నర్సీపట్నము చుట్టుపక్కల, బోరు నీటితో పండు పొలములలో, త్రీఫేజు కరెంటు వచ్చిన మరుక్షణమే ప్రతి మోటారు తిరుగదు. టైమరుతో కూడిన ఆటో స్టార్టరున్నచోట ముందుగా పెట్టెలో చిన్న దీపము వెలుగును. కొన్ని సెకండ్లు ఏమియు జరుగదు. తరువాత టక్కుమని చప్పుడై కాంటాక్టరు పడును, మోటారు కదలును, గొట్టములో నీరు వచ్చును.

ఆ కొన్ని సెకండ్ల నిరీక్షణ వృథా కాదు. ఇండక్షను మోటారు నిలకడ స్థితినుండి కదలునప్పుడు, పూర్తి భారముతో నడచునపుడు తీసికొను కరెంటుకు అయిదారు రెట్లు తీసికొనును. ఒక ట్రాన్సుఫార్మరుకు పది మోటార్లు తగిలించియుండి, అన్నియు ఒకే క్షణమున కదలబోయినచో వోల్టేజి పడిపోవును. వోల్టేజి పడిపోయిన మోటారు వేగమందుకొనలేక మూల్గును, తీగచుట్టలు వేడెక్కును. ఒకటి అయిదు సెకండ్లు, వేరొకటి పది, మరియొకటి పదునైదు సెకండ్లు ఆగినచో ఆ భారము విడివిడిగా పడును. ఇట్లు కావలెనని పుట్టించిన ఆలస్యమునకు కాలవిలంబనమనియు, దానిని పుట్టించు అమరికకు కాలవిలంబ వలయమనియు పేరు.

ఉన్నత పాఠశాల విద్యార్థులలో పలువురు ఇట్టి వలయమును స్వయముగా కట్టుట మొదలు పెట్టుచున్నది పొలములో కాదు, ప్రయోగశాలలోనూ కాదు; మైన్‌క్రాఫ్ట్ అను కంప్యూటరు ఆటలో. ఆటలో విలంబమును కట్టి చూచిన బాలుడు పొలములోని పెట్టెను గూర్చి ఏ మేరకు నేర్చినట్లు? ఉపాధ్యాయుడు ఆ ఆటను పాఠములోనికి తెచ్చుటకు ముందు తేల్చుకొనవలసిన ప్రశ్న ఇదియే.

ఆట, అందలి పరికరములు

మైన్‌క్రాఫ్ట్ స్వీడను దేశమున పుట్టినది. మార్కస్ పెర్సన్ అను ప్రోగ్రామరు దానిని 2009 మే నెలలో తొలిసారి జనులకు అందించెను. సంపూర్ణ రూపము 2011 నవంబరులో వెలువడినది. 2014లో మైక్రోసాఫ్ట్ సంస్థ, హైదరాబాదులో జన్మించిన సత్య నాదెళ్ల నాయకత్వమున, ఈ ఆటను తయారుచేయు మొజాంగ్ సంస్థను 250 కోట్ల డాలర్లకు కొన్నది. 2016లో పాఠశాలల కొరకు ప్రత్యేక రూపము వచ్చినది. 2023 నాటికి ఈ ఆట ప్రతులు 30 కోట్లకు పైగా అమ్ముడుపోయినవి.

ఆటలోని లోకమంతయు దిమ్మెలతో కట్టినది. మట్టి, రాయి, చెక్క, నీరు, అన్నియు ఒకే కొలత గల ఘనములు. 2010లో ఇందులో రెడ్‌స్టోన్ అను ఎర్రని పొడి చేరినది. దీనిని నేలపై గీతవలె చల్లినచో అది తీగవలె పనిచేయును. మీట నొక్కినచో సంకేతము ఆ గీతవెంట పోవును. మొదట దాని బలము 15. దిమ్మె దిమ్మెకు ఒక్కొక్కటి తగ్గి, పదునైదు దిమ్మెల తరువాత ఆరిపోవును. రెడ్‌స్టోన్ దివిటీ అను మరొక వస్తువు సంకేతమును తలక్రిందులు చేయును: సంకేతము వచ్చిన ఆరును, పోయిన వెలుగును. తర్కశాస్త్రమున 'కాదు' అను ద్వారము ఇదియే.

2011 ఫిబ్రవరిలో రిపీటరు అను దిమ్మె వచ్చినది. మూడు రాళ్లు, రెండు దివిటీలు, ఒక చిటికెడు ఎర్రపొడి కలిపిన అది తయారగును. దానికి రెండు పనులు కలవు. బలహీనపడిన సంకేతమును మరల 15కు తెచ్చుట మొదటిది. సంకేతమును కొంతసేపు ఆపి పంపుట రెండవది. దానిపై నాలుగు మెట్లున్నవి: 0.1, 0.2, 0.3, 0.4 సెకండ్లు. ఈ 0.1 సెకండును ఆడువారు టిక్కు అందురు. రిపీటరు రాకముందు దివిటీలను వరుసగా పేర్చి, ఒక్కొక్క దివిటీ తలక్రిందులగుటకు పట్టు ఒక్కొక్క టిక్కును కూడబెట్టుకొని విలంబమును సాధించెడివారు.

పది సెకండ్ల విలంబము కావలెనన్న లెక్క సులభము. 10ని 0.4చే భాగించిన 25. ఇరువదియైదు రిపీటర్లను నాలుగవ మెట్టున ఉంచి వరుసగా పేర్చిన చాలును. ఒక నిమిషమునకు 150 కావలెను.

ఆట చేసిన మేలు

ముందుగా దీని సుగుణములను చెప్పవలెను. అవి చిన్నవి కావు.

పాఠ్యపుస్తకములలో విద్యుద్వలయమనగా స్విచ్చి వేసిన తోడనే బల్బు వెలుగునట్టిది. కాలమునకు అందు తావు లేదు. నిజమైన తర్క ద్వారములు సైతము జవాబిచ్చుటకు కొంతసేపు తీసికొనును. అయితే 7400 అను ప్రసిద్ధమైన చిప్పులోని ఒక ద్వారమునకు పట్టు సమయము సుమారు 10 నానోసెకండ్లు. దీనిని కన్ను చూడజాలదు, ఓసిలోస్కోపు కావలెను. మైన్‌క్రాఫ్ట్ దివిటీకి పట్టునది 0.1 సెకండు. అనగా కోటి రెట్లు ఎక్కువ. సూక్ష్మదర్శిని చిన్న వస్తువును పెద్దదిగా చూపినట్లు ఈ ఆట చిన్న కాలమును పెద్దదిగా చూపుచున్నది.

ఒక ఉదాహరణము: మీటనుండి రెండు దారులు తీయవలెను. ఒకటి నేరుగా 'మరియు' అను ద్వారమునకు పోవును. రెండవది ఒక దివిటీ గుండా, నాలుగవ మెట్టుననున్న ఒక రిపీటరు గుండా అదే ద్వారమునకు చేరును. తర్కము ప్రకారము ఈ ద్వారము ఎన్నడును తెరువబడరాదు. 'ఉన్నది' 'లేదు' అను రెండును ఏకకాలమున నిజము కానేరవు కదా. కాని మీట నొక్కగానే ఫలితముగా సుమారు అర సెకండు సంకేతము బయటికి వచ్చును. 'లేదు' అను వార్త అయిదు టిక్కులు ఆలస్యముగా చేరుటయే కారణము. తర్కములో అసాధ్యమైనది కాలమువలన సాధ్యమైనది. ఇంజనీరింగు కళాశాలలో చెప్పు ఈ విషయమును తొమ్మిదవ తరగతి బాలిక తన కన్నులతో చూడగలుగుట సామాన్యమైన లాభము కాదు.

కాలమును వ్రాయుటకు ఒకటికంటె ఎక్కువ పద్ధతులు గలవని చూపుట ఈ ఆట చేసిన రెండవ మేలు. రిపీటర్ల వరుస కాలమును పొడవుగా మార్చును. విలంబము పెరిగిన కొలది వరుస పెరుగును. 2013 మార్చిలో హాపర్ అను గరాటువంటి దిమ్మె వచ్చినది. అది తనలోని వస్తువులను ఒక్కొక్కటిగా, 0.4 సెకండునకు ఒకటి చొప్పున, పక్కదానిలోనికి జారవిడుచును. ఒక హాపరులో అయిదు అరలు; అరకు 64 వంతున 320 వస్తువులు పట్టును. నిండుగానున్నది ఖాళీ యగుటకు 128 సెకండ్లు పట్టును. పది సెకండ్లకు 25 వస్తువులు చాలును. రిపీటర్లు ఇరువదియైదు, వస్తువులును ఇరువదియైదే; కాని మొదటిది నేలపై పరచుకొన్న కాలము, రెండవది గరాటులో పోసిన కాలము.

ఈ రెండవ పద్ధతి తెలుగువారికి కొత్తది కాదు. అడుగున సన్నని రంధ్రము గల రాగి గిన్నెను నీటిపై విడిచినచో నీరు లోనికి ఎక్కి అది కొంతసేపటికి మునుగును. పగలు రాత్రి కలిసి 60 మారులు మునుగునట్లు రంధ్రము చేయవలెనని సూర్యసిద్ధాంతము చెప్పుచున్నది. ఒక మునక 24 నిమిషములు, అదియే గడియ. గడియ కుడుక అనునది ఈ గిన్నెయే. గడియారమను మాటలోను ఈ గడియయే యున్నది. ఆ గడియను రిపీటర్లతో కొలువబోయినచో 3,600 రిపీటర్లు కావలెను. పైగా మైన్‌క్రాఫ్ట్ లోకమున సూర్యోదయమునుండి మరల సూర్యోదయము వరకు గడచునది 20 నిమిషములే; అచ్చటి దినమంతయు ఇచ్చటి ఒక గడియకు చాలదు.

గణితములోని ఒక పాఠమునకు ఈ ఆట ప్రాణము పోయుట మూడవ మేలు. రిపీటర్లను గుండ్రముగా పేర్చి ఒక సంకేతమును లోనికి వదలినచో అది గానుగెద్దువలె తిరుగుచుండును. 99 టిక్కుల వలయమొకటి, 100 టిక్కుల వలయమొకటి కట్టి, రెండింటిని ఒకే క్షణమున ప్రారంభించవలెను. రెండును కలిసి వచ్చినపుడే దీపము వెలుగునట్లు అమర్చవలెను. 99, 100ల క.సా.గు. 9,900. కనుక దీపము 9,900 టిక్కులకు, అనగా 990 సెకండ్లకు ఒకసారి వెలుగవలెను. ఇందుకు ఏబది రిపీటర్లు చాలును. ఒకే వరుసగా కట్టిన 2,475 కావలసియుండెడిది. క.సా.గు. ఎందులకని అడుగు విద్యార్థికి ఇంతకంటె మంచి జవాబు దొరుకుట కష్టము.

దోషములు

అయితే ఆ విద్యార్థి పైచెప్పిన వలయములను నిజముగా కట్టి చూచినచో దీపము ఒకసారి కాక ఏడుసార్లు వెలుగును. లెక్క తప్పు కాదు. తప్పు రిపీటరు స్వభావములో నున్నది. తన విలంబముకంటె పొట్టిదైన సంకేతము వచ్చినచో రిపీటరు దానిని ఉన్నదున్నట్లు పంపదు; తన విలంబమంత పొడవుగా సాగదీసి పంపును. ఒక టిక్కు సంకేతము నాలుగవ మెట్టు రిపీటరును దాటగానే నాలుగు టిక్కులగును. నాలుగు టిక్కుల వెడల్పుగల రెండు సంకేతములు, చుట్టుకొక టిక్కు చొప్పున ఒకదానినొకటి సమీపించి దాటిపోవుచుండగా, ఏడు చుట్లలో ఎంతో కొంత కలిసియుండును. వెడల్పును రెట్టించి ఒకటి తీసివేసిన ఈ సంఖ్య వచ్చును. సంకేతమును రెండు టిక్కులకు కత్తిరించినచో మూడు, ఒక టిక్కునకు కత్తిరించినచో ఒకటి.

అంతేకాదు. రిపీటరు ఒక సంకేతమును పట్టుకొని యున్నపుడు వెనువెంటనే రెండవది వచ్చినచో అది లెక్కకు రాక పోవును. రెండుసార్లు తలుపు తట్టినవాడు ఒకసారి తట్టినట్లే యగును. విలంబమనగా వార్తను ఆలస్యముగానైనను చెక్కుచెదరక అందించుట అని విద్యార్థి అనుకొనును; ఆట అతనికి చెప్పకయే వార్తను మార్చుచున్నది. ప్రకృతిలోని విలంబములును వార్తను మార్చుననుట నిజమే. నర్సీపట్నమునకు సమీపమున నాతవరం మండలములోనున్న తాండవ జలాశయమునుండి కాలువకు కొద్దిసేపు నీరు వదలి ఆపినచో, ఆ నీరు చివరి పొలమునకు ఆలస్యముగా చేరుటయే కాక పలుచబడి, ఎక్కువసేపు పారును. కాని కాలువలో సాగుదలతోపాటు తగ్గుదలయు కలదు. సాగినంత మేర ఎత్తు తగ్గును. రిపీటరులో సాగుదలయే గాని తగ్గుదల లేదు. లేని నీరు ఎచ్చటినుండి వచ్చినదను ప్రశ్న ఆటలో పుట్టదు.

ఇచ్చటనే అసలు లోపము బయటపడుచున్నది. ఆటలోని విలంబమునకు కారణము లేదు. రిపీటరు నాలుగు టిక్కులు ఎందుకు ఆగును? ఆగుమని వ్రాసినారు కావున ఆగును. నిజమైన వలయములో ప్రతి ఆలస్యమునకు ఒక భౌతిక కారణము ఉండి తీరును. 100 కిలోఓముల రెసిస్టరు గుండా 100 మైక్రోఫారడ్ల కెపాసిటరును నింపునపుడు, రెండింటి గుణకారము 10 సెకండ్లు. పది సెకండ్లలో కెపాసిటరు నిండదు. 63 శాతమే నిండును. నిండిన కొలది లోపలి వోల్టేజి పెరిగి, వచ్చు కరెంటు సన్నగిలును. కడవ నిండుచుండగా పంపుధార తనంతట సన్నబడుచున్నట్లు ఊహించుకొనవచ్చును. ఆ వంకర గీతను గ్రాఫు కాగితముపై గీచిన విద్యార్థికి విలంబమెక్కడిదో తెలియును.

దీనితోనే పనిచేయు 555 అను టైమరు చిప్పును హాన్స్ కామెన్‌జిండ్ 1971లో రూపొందించెను. సిగ్నెటిక్స్ సంస్థ 1972లో దానిని అమ్మకమునకు తెచ్చినది. కెపాసిటరు వోల్టేజి బ్యాటరీ వోల్టేజిలో మూడింట రెండు వంతులకు చేరగానే ఈ చిప్పు విలంబమును ముగించును. పై కొలతలతో అది 11 సెకండ్లగును. ఇందులోని యుక్తి గమనింపదగినది. బ్యాటరీ నీరసించి 9 వోల్టులు 7 అయినను, నిండుటయు అదే నిష్పత్తిలో తగ్గును, గురియు అదే నిష్పత్తిలో తగ్గును. కావున కాలము ఇంచుమించు మారదు. బ్యాటరీ నీరసించుట యనునదే లేని లోకములో ఇట్టి యుక్తి పుట్టుటకు అవకాశము లేదు.

కొలత దోషమును గూర్చిన పాఠము కూడ ఆటలో తలక్రిందులైనది. సామాన్య ఎలక్ట్రోలిటిక్ కెపాసిటరుపై వ్రాసిన విలువ 20 శాతము ఇటు అటు ఉండవచ్చును. కనుక 11 సెకండ్లనుకొన్నది 8.8 మొదలు 13.2 వరకు ఎంతయైనను కావచ్చును. ఒకే పటము చూచి పదిమంది కట్టిన పది వలయములు పది కాలములు చూపును. ఆటలో మాత్రము ఇరువదియైదు రిపీటర్లు ఎవరు పేర్చినను పది సెకండ్లే. అయితే ఆ పది సెకండ్లును కంప్యూటరు తన పనిని సెకండునకు 20 విడతల చొప్పున ముగించగలిగినపుడే. పాతబడిన యంత్రముపై పెద్ద నిర్మాణమును నడపినచో విడతలు సాగిపోవును. ఆటలోని పది సెకండ్లు గోడ గడియారములో పండ్రెండు కావచ్చును. ఆడువాడు దూరముగా పోయినచో, సాధారణముగా ఆ ప్రాంతపు లెక్కయే నిలిచిపోవును, గడియారమును ఆగిపోవును. ఆటలోపల కొలిచినచో దోషము కానరాదు, వెలుపల కొలిచినచో కానవచ్చును. ఈ తేడాను ఉపాధ్యాయుడు చూపనిచో విద్యార్థి తనంతట చూచుట అరుదు.

ఇక అన్నింటికంటె బరువైన లోపము: ఆటలో విలంబమునకు అవసరము లేదు. వంద దీపములను ఒకే క్షణమున వెలిగించినను అచ్చట వోల్టేజి పడదు, తీగ కాలదు. కావున విలంబము అలంకారమగును. తలుపు ఆలస్యముగా తెరచుకొన్నచో అందముగా నుండును, అంతియే. పొలములో అట్లు కాదు. తెలంగాణలో 2018 జనవరి 1 నుండి వ్యవసాయమునకు 24 గంటల విద్యుత్తు ఆరంభమైనపుడు, రైతులు ఆటో స్టార్టర్లను తీసివేయవలెనని ప్రభుత్వము కోరినది. కరెంటున్నంతసేపు మోటార్లు తమంతట తిరుగుచుండిన భూగర్భజలము అడుగంటునను భయము అందులకు ముఖ్య కారణము. ఎప్పుడు మొదలుపెట్టవలెను, ఎంతసేపు ఆగవలెను అను ప్రశ్నల వెనుక ట్రాన్సుఫార్మరు, బావి, పైరు, పొరుగు రైతు ఉన్నారు. దిమ్మెల లోకములో వీరెవరును లేరు.

ఆటను ఆటగా చూడక భౌతికశాస్త్రమును అడుగుట అన్యాయమని కొందరనవచ్చును. ఆ మాటలో న్యాయమున్నది. భూపటములోని గోదావరిలో నీరు లేకపోవుట పటము దోషము కాదు. పటము చూచి ఈత నేర్చితిననుకొనుట చూచినవాని దోషము. అయితే తరగతిలో పటమును వ్రేలాడదీసినపుడు, ఇది పటమని చెప్పు బాధ్యత ఉపాధ్యాయునిది. పాఠశాలల కొరకే ప్రత్యేక రూపము వెలువడిన ఆట విషయమున ఆ బాధ్యత మరింత పెరుగును.

లెక్కకు అడుగున నున్నది

ఇట్లని ఆటలోని విలంబము నిజమైన టైమర్లకు దూరమైనదని చెప్పుటయు సరికాదు. నేటి టైమర్లలో పెక్కు కెపాసిటరు నిండుటపై ఆధారపడవు, అవి లెక్కపెట్టును. చేతి గడియారములోని క్వార్ట్జు స్ఫటికము సెకండునకు 32,768 మారులు కంపించును. ఈ సంఖ్యను పదునైదుసార్లు సగము చేసిన ఒకటి వచ్చును; సగము చేయు వలయములను పదునైదింటిని వరుసగా కలిపినచో సెకండునకు ఒక సంకేతము లభించును. హాపరులో వస్తువులను ఎంచుట ఈ పద్ధతికి దగ్గరి చుట్టము. ఈ విషయమున ఆట 555 చిప్పుకంటె నేటి కాలమునకు చేరువగా నున్నదనవచ్చును.

కాని లెక్కపెట్టుటకు ముందు లెక్కకు వచ్చునదేదో కదలుచుండవలెను. గడియారములో స్ఫటికము కదలుచున్నది. గడియ కుడుకలో నీరు కదలుచున్నది. ఆటలో టిక్కు ఎచ్చటినుండి వచ్చుచున్నది? కంప్యూటరు లోపలి గడియారమునుండి. ఆ గడియారమునకును మూలము ఒక క్వార్ట్జు స్ఫటికమే. తెరపై కనబడు దిమ్మెల అడుగున, కనబడకుండ, భౌతికశాస్త్రము కంపించుచునే యున్నది. ఆట దానిని దాచినది. పాఠము దానిని బయటికి తీయవలెను.

తరగతిలో చేయదగినది

ఇందుకు పెద్ద ఏర్పాట్లు అక్కరలేదు. ఒకే పది సెకండ్ల విలంబమును మూడు విధముల కట్టించి పోల్చిన చాలును. మొదటిది ఆటలో, ఇరువదియైదు రిపీటర్లతో. రెండవది బల్లపై, 9 వోల్టుల బ్యాటరీ, 555 చిప్పు, రెసిస్టరు, కెపాసిటరు, ఒక ఎల్‌ఇడి దీపముతో. పదకొండు సెకండ్లను పదికి తెచ్చుటకు రెసిస్టరును ఎంతకు మార్చవలెనో విద్యార్థులే లెక్కవేయుదురు. సుమారు 91 కిలోఓములు వచ్చును. మూడవది నీటి తొట్టిలో, అడుగున మేకుతో రంధ్రము చేసిన చిన్న డబ్బా మూతతో. మునుగుటకు పది సెకండ్లు పట్టువరకు రంధ్రమును సరిచూచుకొనవలెను.

ఒక్కొక్కదానిని పదిమారులు నడిపి, స్టాప్‌వాచితో కొలిచి, సరాసరియు, అతి హెచ్చు అతి తగ్గు విలువల భేదమును వ్రాయవలెను. ఆట అంకెలలోని చిన్న తేడాలు చాలవరకు మీట నొక్కు వ్రేలివి. కెపాసిటరు అంకెలు ఒకదానికొకటి దగ్గరగా నుండి, అన్నియు కలిసి పదికి దూరముగా నుండవచ్చును. నీటి మూత అంకెలు చెదరియుండును. దోషములన్నియు ఒకే జాతివి కావని ఈ మూడు పట్టికలు ప్రక్కప్రక్కన పెట్టిన తెలియును.

కంప్యూటరు లేని పాఠశాలలో మొదటి ప్రయోగమునకు ఇరువదియైదుగురు విద్యార్థులు చాలుదురు. ప్రార్థన వరుసలో నిలిచి, వెనుకనుండి భుజముపై తట్టు తగిలినవాడు ఒకటి, రెండు, మూడు, నాలుగు అని లెక్కించి ముందువానిని తట్టవలెను; లెక్క నడుచుచుండగా మరల తట్టు తగిలినచో పట్టించుకొనరాదు. వరుస చివర తట్టు చేరుటకు పట్టిన కాలమును కొలువవలెను. తరువాత ఉపాధ్యాయుడు మొదటివానిని వెంటవెంటనే రెండుసార్లు తట్టి, చివర ఎన్ని తట్లు చేరినవో అడుగవలెను. రెండవ తట్టు ఎచ్చట పోయినదో పిల్లలే వెదకుదురు. రిపీటరు గుట్టు అంతటితో తేటపడును. ఆటో స్టార్టరు పెట్టెను మాత్రము విప్పి చూపరాదు. అందు 400 వోల్టులకు పైబడిన విద్యుత్తు ఉండును.

పాఠము ముగిసిన తరువాత విద్యార్థి ఏమి నేర్చెనో తెలిసికొనుటకు ఒక ప్రశ్న చాలును: ఆ పది సెకండ్లు ఎచ్చట నిలువయున్నవి? మూతలో నైనచో రంధ్రములో దూరుచున్న నీటిలో. బల్లమీద నైనచో కెపాసిటరులో చేరుచున్న విద్యుదావేశములో. చేతి గడియారములో నైనచో కంపించు స్ఫటికములో, ఆ కంపములను ఎంచు వలయములో. ఆటలో నైనచో ఇరువదియైదు దిమ్మెలను చూపి ఊరకుండువాడు సగము నేర్చినవాడు. దిమ్మెలను చూపి, అడుగున కంప్యూటరులోని స్ఫటికమును కూడ చెప్పగలిగినవాడు, రాత్రివేళ పొలములో పెట్టె ముందు దీపము వెలిగి మోటారు ఇంకను తిరుగని ఆ కొన్ని సెకండ్లలో లోపల ఏమి జరుగుచున్నదో ఊహింపగలడు.